కవిగారు తిట్టింది ఎవరిని

ఇల్లినాయ్‌లో ముప్ఫయ్యేళ్లకి పైగా స్పీచ్ థెరపిస్టుగా పనిచేసి రిటైరయ్యాను. మాస్టర్స్ చేయడానికి వచ్చే మన అమ్మాయిలు కొందరు ఈ మధ్య ఈ లైన్‌లోకి వస్తున్నారు. లైసెన్సు ఎలా తెచ్చుకోవాలో, రిపోర్టు ఎలా రాయాలో, ఎవరెప్పుడు మేనేజరయ్యారో నేనిక్కడ రాయడం లేదు. అవి ఎవరైనా చెబుతారు. నేను ఒక పేషెంటు గురించి రాస్తాను. ఆయన గదిలో నేను నిర్ఘాంతపోయింది ఒక్కసారి కాదు. పేషెంట్ల పేర్లు బయటపెట్టకూడదు కాబట్టి ఆయన్ని కవిగారు అంటాను. మిగతా పేర్లు కూడా మార్చినవే.

నోటికొచ్చిన మాట, అనుకున్న మాట

స్పీచ్ థెరపీ అంటే నత్తి ఉన్న పిల్లలకి మాటలు నేర్పడం అనుకుంటారు. అదీ చేస్తాం. కానీ నా రోజుల్లో ఎక్కువ భాగం పక్షవాతం వచ్చిన పెద్దవాళ్ల మంచాల పక్కనే గడిచాయి. మెదడులో ఎడమవైపు దెబ్బ తగిలితే చాలామందికి కుడి చెయ్యీ కాలుతోపాటు మాట కూడా పోతుంది. మతి పోదు, మాట పోతుంది. ఈ రెండూ వేరని ఇంట్లోవాళ్లకి నమ్మకం కలిగించడమే సగం పని.

పోయిన మాట పోయినట్టు ఊరుకోదు. ఒక మాట అనబోతే ఇంకో మాట వస్తుంది. ఇక్కడి నేపర్‌విల్‌లో ఒక గుంటూరు మామ్మగారికి ఏది అడగబోయినా "ఉప్పు" అనే వచ్చేది. నీళ్లు కావాలన్నా ఉప్పే, కిటికీ వెయ్యమన్నా ఉప్పే. కొడుకు పాపం ప్రతిసారీ ఉప్పు డబ్బా తెచ్చి ముందు పెట్టేవాడు, ఆవిడ దాన్ని నెట్టేసి ఏడ్చేది. పేషెంటు నోటికొచ్చిన మాట, ఆయన అనుకున్న మాట ఒకటే కావాలని లేదు. మా పనిలో మొదటి పాఠం ఇది. నాకు బాగా వచ్చనుకున్న పాఠం కూడా ఇదే.

ఇంకో సంగతి. మామూలు మాటలన్నీ పోయినా కొన్ని మిగులుతాయి. అంకెలు, ప్రార్థనలు, చిన్నప్పటి పాటలు, బూతులు. మంచినీళ్లు అడగలేని మనిషి పాట మొత్తం పాడేస్తాడు. ఎన్నడూ పరుషంగా మాట్లాడని మనిషి నర్సుని అమ్మనా బూతులు తిడతాడు. అందుకే పాటతో మాటని లాగే పద్ధతి ఒకటి ఉంది. రాగం తీస్తూ, ఎడమచేత్తో తాళం వేయిస్తూ, పాటలోంచి మెల్లగా మాటలోకి తీసుకురావాలి. మంచి పద్ధతి. ఎందరికో పనిచేసింది.

ఆయన దేవుడు

మాది ఇచ్ఛాపురం. మా వీధిలో సగం తెలుగువాళ్లు, సగం ఒడియావాళ్లు. నాకు రెండు భాషలూ ఆడుకుంటూనే వచ్చాయి. కవిగారిది అటువైపు బరంపురం. నేను కాలేజీలో ఉన్నప్పుడే ఆయన రాసిన భజనలు రేడియోలో వచ్చేవి. పొరుగింటి ఒడియా పిన్నిగారు బియ్యం ఏరుతూ అవి పాడుకునేది.

ఆయన పాటల్లో జగన్నాథుడు పైనెక్కడో ఉండే దేవుడు కాదు, ఇంట్లో మనిషి. ఆ స్వామికి చేతులు పూర్తిగా ఉండవు, కళ్లు మాత్రం చక్రాల్లా ఉంటాయి. కవిగారు ఒక పాటలో, నీకు చేతులు లేకపోతే మానె, పనులు మేం చేసుకుంటాం, నువ్వు రెప్ప వెయ్యకుండా చూస్తూ ఉండు చాలు, అంటారు. ఏటా స్నానాల పండగ తర్వాత స్వామికి జ్వరం వస్తుందని గుడి తలుపులు పదిహేను రోజులు వేసేస్తారు. కషాయాలు పట్టి, పళ్లు పెట్టి, రోగిని చూసుకున్నట్టు చూసుకుంటారు. ఆ పదిహేను రోజుల మీద ఆయన రాసిన పాటలు మా పిన్నిగారికి ప్రాణం. మూసిన తలుపు బయట కూర్చుని, లోపల దగ్గు వినిపిస్తోందా అని చెవి ఒగ్గి వినే భక్తుడి పాటలవి. దేవుడి జ్వరానికి మనిషి కంగారు పడటం నేను ఇంకెవరి కవిత్వంలోనూ చూడలేదు.

అన్నిటికంటే పేరొచ్చింది ఆయన ఆఖరి పాటకి. మొసలి పట్టుకున్న ఏనుగు మొరపెడితే స్వామి ఎలా ఉన్నవాడు అలా పరుగెత్తుకొచ్చిన కథ. ఎంతమంది రాశారో ఆ కథని. ఈయన మాత్రం ఏనుగు వైపు నుంచి కాక స్వామి వైపు నుంచి రాశారు. పిలుపు చెవిన పడగానే లేచిన స్వామి చెప్పులు వేసుకోలేదు, భార్యకి చెప్పలేదు, నోట్లో ముద్ద కూడా మింగలేదు. పిలిచినవాళ్లు రెండోసారి పిలవాల్సి వస్తే నేను దేవుణ్ణెలా అవుతాను అనుకుంటాడు.

భార్య పోయిన రోజునే కవిగారు ఆ పాట రాశారని అందరికీ తెలుసు. ఆమె పిలిస్తే స్వామి వచ్చి తీసుకెళ్లాడని అందరూ అదే అర్థం చెప్పుకున్నారు. ఆమె పదో రోజున ఎవరో పాడారు, అక్కణ్ణించి పాకిపోయింది. ఇక్కడ అరోరాలో మా గుడి హాల్లో ఒడియా పిల్లలు అమెరికన్ యాసలో ఆ పాట పాడుతుంటే నేనే విన్నాను.

భార్య పోయాక కొడుకు దేబాశీష్ ఆయన్ని అరోరా తీసుకొచ్చి తనతోనే ఉంచుకున్నాడు. కోడలు లావణ్య మన విశాఖపట్నం అమ్మాయి, ఆమె దగ్గరే దేబాశీష్ తెలుగు నేర్చుకున్నాడు. ఇద్దరూ సాఫ్ట్‌వేర్‌లోనే. వచ్చిన మొదటి చలికాలంలోనే ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది. మాట పూర్తిగా పోయింది. మా రిహాబ్‌కి తెచ్చారు. ఒడియా వచ్చిన థెరపిస్టుని నేనొక్కదాన్నే.

మొదటి రోజు

నేను గదిలోకి వెళ్లేసరికి మంచానికి ఎదురుగా బల్ల మీద అద్దాల ఫ్రేములో జగన్నాథుడి పటం ఉంది. ఫోన్లో ఏనుగు పాట సన్నగా వస్తోంది. దేబాశీష్ నా చేతులు పట్టుకున్నంత పని చేశాడు.

"ఆంటీ, మీకు ఒడియా వచ్చట కదా. బాపా సాంగ్స్ తెలుసా మీకు?"

బాపా అంటే నాన్న. తెలుసు అన్నాను. ఆయన వైపు తిరిగి, చిన్నప్పటి నుంచీ మీ పాటలు వింటున్నాను అని ఒడియాలో చెప్పాను. ఆయన నా వైపు చూశారు. చూపులో మనిషి ఉన్నాడు, ఎక్కడికీ పోలేదు. సంతోషం వేసింది. మంచం తల పైకెత్తి, కర్టెన్ తీసి, కూర్చోబెట్టాను. ఆయన కళ్లు ఎదురుగా ఉన్న పటం మీద నిలిచాయి.

అప్పుడు ఆయన నోరు విప్పారు.

రాయడానికి వీల్లేని మాటలవి. బరంపురం లారీ స్టాండులో కూడా అన్నీ కలిపి ఒకేసారి వినం. మాట లేని మనిషి నోట్లోంచి బూతులు ఒకదాని వెంట ఒకటి, తడబాటు లేకుండా, స్పష్టంగా వచ్చాయి. మధ్యమధ్య "కళా" అనీ, "తు... తు" అనీ. కళా అంటే ఒడియాలో నల్లనివాడు, జగన్నాథుణ్ణి ముద్దుగా పిలిచే పేరు. తు అంటే నువ్వు. దేవుణ్ణీ, చిన్నపిల్లల్నీ, పరమ శత్రువునీ అలా అంటారు. ఎడమచెయ్యి పటం వైపు చాచి, మెడనరాలు పొంగేలా తిడుతున్నారు.

పిన్నిగారు కళ్లు మూసుకుని పాడుకున్న పాటలు రాసిన నోరు అదే. దేబాశీష్ గబగబా వెళ్లి పటాన్ని బోర్లా పెట్టేశాడు. తిట్లు ఆగిపోయాయి. కవిగారు కళ్లు మూసుకున్నారు, వాటిలోంచి నీళ్లు కారుతున్నాయి.

"మా ఫాదర్‌కి ఈ వర్డ్స్ తెలీవాంటీ. ఆయన మనిషిని కూడా ఎప్పుడూ తిట్టలేదు. ఇది ఆయన కాదు" అన్నాడు దేబాశీష్. లావణ్య గోడకి ఆనుకుని నిలబడిపోయింది.

ఎవరి అర్థం వాళ్లది

మా డిపార్ట్‌మెంట్ హెడ్ డయాన్. నేను చూసిన బాసుల్లో పని బాగా తెలిసిన మనిషి. ఆమె కుటుంబాన్ని కూర్చోబెట్టి చెప్పింది, ఇది పక్షవాతంలో మామూలే, తిట్లు మెదడులో వేరేచోట దాక్కుంటాయి, వాటికి అర్థం వెతక్కండి, అది శబ్దం మాత్రమే, తుమ్ములాంటిది అని. శాస్త్రం ప్రకారం ఆమె చెప్పింది తప్పు కాదు. కానీ ఆయన నర్సుల్ని తిట్టలేదు, ఫిజికల్ థెరపిస్టు ఎంత నొప్పి పెట్టినా తిట్టలేదు. తుమ్ము మనిషిని చూసి రాదు కదా అన్నాను.

"ఒక పటాన్ని చూసి మాత్రమే వస్తోందంటావా?" అంది.

"ఇప్పటికి అంతే."

"అయితే పటం తీసేయండి. పాటతో మొదలుపెట్టు. ఆయనకి బాగా తెలిసిన పాట, ఆయన రాసిందే అయితే మరీ మంచిది."

దేబాశీష్ ఏ పాట ఎంచాడో చెప్పనక్కర్లేదు. రోజూ నేను ఆయన ఎడమచెయ్యి నా చేతిలోకి తీసుకుని తాళం వేస్తూ ఏనుగు పాట ఎత్తుకునేదాన్ని. ఆయన పాడేవారు. మొదటి వారంలోనే రెండు చరణాలు గుక్కతిప్పుకోకుండా పాడారు, కళ్లవెంట ధారలు కారుతుండగా. డయాన్ గుమ్మంలో నిలబడి చూసి బొటనవేలు పైకెత్తింది.

ఈ లోపల కబురు పాకింది. గుడికొచ్చే ఒడియా కుటుంబాలు పరామర్శకి రావడం మొదలైంది. ఆయన పాడుతుంటే ఫోన్లతో వీడియో తీసుకున్నారు. మాట పోయినా నామం పోలేదు, చూడండి స్వామి మహిమ అన్నారు. కాళ్లకి దండం పెట్టారు. ఆయన కాళ్లు వెనక్కి లాక్కోబోయేవారు. ఎడమకాలు వచ్చేది, కుడికాలు రాదు. ఆ కాలికే దండాలన్నీ పెట్టించుకోవాల్సి వచ్చేది.

తిట్ల సంగతి మాత్రం దేబాశీష్ బయటికి పొక్కనివ్వలేదు. లోపల కుమిలిపోయాడు. ఒకరోజు పార్కింగ్ లాట్‌లో నన్ను ఆపి అడిగాడు.

"అమ్మ పోయాక బాపాకి దేవుడి మీద నమ్మకం పోయిందంటారా ఆంటీ? మరి ఆ పాటెలా రాశారు?"

దేవుణ్ణి తిట్టడం కూడా భక్తిలో భాగమే అని చెప్పాను. మన తెలుగులోనూ ఉంది, ఒడియాలోనూ ఉంది, పరాయివాణ్ణయితే అలా తిట్టరు, దగ్గరవాణ్ణే తిడతారు అన్నాను. అతను తేలికపడ్డాడు. నిజం చెప్పాలంటే నేనూ తేలికపడ్డాను. కొడుక్కి ఒక అర్థం, గుడివాళ్లకి ఒక అర్థం, డయాన్‌కి ఒకటి, నాకొకటి. అందరం ఆయన మంచం చుట్టూనే మాట్లాడుకునేవాళ్లం. ఆయనకి ప్రతి మాటా అర్థమవుతోంది. కాదు అనడానికి నోరు లేదు.

లావణ్య పటం స్థానంలో చెక్కతో చేసిన చిన్న జగన్నాథుడి బొమ్మ తెచ్చి పెట్టింది. దాన్ని చూసి ఆయన తిట్టలేదు. ఎడమచెయ్యి నుదుటికి తాకించుకున్నారు. దేబాశీష్ నా చెయ్యి పట్టుకుని, "సెట్ అయిపోయింది ఆంటీ, కోపం తగ్గింది" అన్నాడు. అందరం ఊపిరి పీల్చుకున్నాం.

అద్దం

పాట తర్వాత మాట. పెదవులు కదిలించడం మళ్లీ నేర్పాలి. దానికి మేం చేతి అద్దం వాడతాం. "ఉ" అంటే పెదవులు సున్నా చుట్టాలి, "ఇ" అంటే పక్కలకి సాగాలి. పేషెంటు తన నోరు తాను చూసుకుంటూ సరిచేసుకుంటాడు. మా వృత్తిలో ఇంతకంటే మామూలు వస్తువు లేదు.

అద్దం ఆయన మొహం ముందు పట్టుకున్నాను.

తిట్లు మొదలయ్యాయి. అవే తిట్లు, అదే వరస, అదే "కళా", అదే "తు". నేను ఉలిక్కిపడి అద్దాన్ని నా వైపు తిప్పేశాను. ఆయన ఆగారు. ఎడమచెయ్యి చాచి నా మణికట్టు పట్టుకుని, అద్దాన్ని మళ్లీ తన వైపే తిప్పుకున్నారు. తనని తాను చూసుకుంటూ మళ్లీ తిట్టారు.

బోర్లా పెట్టిన పటం గుర్తొచ్చింది. ఫ్రేముకి ఉన్న గాజు. ఎదురుగా కిటికీ వెలుతురు. మొదటి రోజు ఆయన చూసింది పటాన్ని కాదు, గాజులో తన మొహాన్ని.

కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. ఇలాంటప్పుడు మేం అవును, కాదు అని మాత్రమే జవాబొచ్చే ప్రశ్నలు వేస్తాం.

"కళా అంటున్నారు. నల్లనివాడా? స్వామా?"

తల అడ్డంగా ఊపారు. చేత్తో తన చెవిని కొట్టుకున్నారు, రెండుసార్లు.

ఒడియాలో కళా అంటే నల్లనివాడు. కాలా అంటే చెవిటివాడు. పక్షవాతం వచ్చిన నాలుక మీద ఈ రెండూ ఒకేలా పలుకుతాయి.

"కాలా? చెవిటివాడా?"

తల ఊపారు.

"ఎవరు చెవిటివాడు?"

అద్దం మీద వేలు పెట్టారు. "తు" అన్నారు. తర్వాత అదే వేలు తన రొమ్ము మీద పెట్టుకుని మళ్లీ "తు" అన్నారు.

నువ్వు, నేను అనే మాటలు తారుమారు కావడం ఈ జబ్బులో అతి సాధారణం. మొదటి సంవత్సరం విద్యార్థికి కూడా తెలుసు. నేను అనాలనుకుంటాడు, నువ్వు అని వస్తుంది. గుంటూరు మామ్మగారి ఉప్పు నాకు తెలుసు. అయినా ఇన్ని రోజులూ ఆయన "నువ్వు" దేవుడికేనని నేనూ నమ్మాను. భక్తి కవి నోట్లో నువ్వు అనే మాటకి ఇంకో అర్థం ఉంటుందని ఎవరికీ తట్టలేదు.

ఆయనకి ఇంకో మాట కూడా అప్పుడప్పుడూ వచ్చేది, "డాకిలా" అని. పిలిచింది అని అర్థం. ఎవరు పిలిచారు అని అడిగాను. చూపుడువేలితో నుదుటి మీద బొట్టు పెట్టుకున్నట్టు చూపించారు. భార్య. ఎక్కడి నుంచి? చెయ్యి గుండ్రంగా తిప్పి గరిటె పట్టినట్టు చూపించారు. వంటింట్లోంచి. మీరు ఏం చేస్తున్నారు? ఎడమచేతి వేళ్లు దుప్పటి మీద రాస్తున్నట్టు కదిలాయి. ఆపకుండా కదిలాయి. రాస్తూనే తల తిప్పి, ఎవరికో చెబుతున్నట్టు చెయ్యి ఊపారు, వస్తున్నా, వస్తున్నా అన్నట్టు. మళ్లీ రాశారు.

"ఏం రాస్తున్నారు?"

ఆయన చెప్పలేదు. సన్నగా కూనిరాగం తీశారు. మొదటి రెండు స్వరాలకే నాకు తెలిసిపోయింది. పిలుపు చెవిన పడగానే ముద్ద మింగకుండా లేచిన దేవుడి పాట.

నేను రోజూ ఆయన చెయ్యి పట్టుకుని తాళం వేయించి పాడించింది ఆ పాటే. ఇల్లంతా, గుడి అంతా, ఆసుపత్రి గది అంతా మోగింది ఆ పాటే.

అద్దాన్ని బల్ల మీద బోర్లా పెట్టాను.

ఒక్క అక్షరం

మీ అబ్బాయికి నేను చెప్పనా అని అడిగాను. ఆయన "నా" అన్నారు, ఒడియాలో వద్దు అని. ఆ మాట మాత్రం తడబడకుండా వచ్చింది. తానే చెప్పాలి.

ఏనుగు పాట ఆపేశాను. డయాన్‌కి కారణం చెప్పాలి కదా. ఆమె గదికి వెళ్లి తలుపు వేసి చెప్పాను. ఆమె చేతిలో పెన్ను కింద పెట్టింది.

"శబ్దం అని చెప్పాను నేను వాళ్లకి. తుమ్ము అని చెప్పాను."

తర్వాత కుర్చీలోంచి లేచి, "ఆయన చెప్పేదాకా ఈ సంగతి గది దాటకూడదు. మిగతా గోల్స్ అన్నీ పక్కన పెట్టు. ఆయన చెప్పాలనుకునే ఆ వాక్యం ఒక్కదాని మీదే పని చెయ్యి" అంది. ఆమె మంచి బాస్ అని నేను అనడానికి కారణం ఈ రెండో మాట. నీళ్లు అడగడం, బాత్రూమ్ అడగడం, ఇవీ మేం మామూలుగా రాసే గోల్స్. ఒక మనిషికి అన్నిటికంటే ముందు అవసరమైన వాక్యం ఏదో మన ఫారాల్లో ఉండదు. అడిగి తెలుసుకోవాలి.

వాక్యం చిన్నది. డాకిలా, ము ఆసిలి నాహి. పిలిచింది, నేను రాలేదు. తు ఆసిలు నాహి అంటే నువ్వు రాలేదు. నేనుకీ నువ్వుకీ మధ్య క్రియలో తేడా ఒక్క అచ్చు, ఆసిలి, ఆసిలు. పెదవులు సాగితే తను. పెదవులు చుట్టుకుంటే ఎదుటివాడు. వారాలపాటు ఆ ఒక్క "ఇ" కోసం కూర్చున్నాం. ఆయన పెదవి మూల నా వేలితో పక్కకి లాగేదాన్ని. "ము" అనేటప్పుడు ఆయన చెయ్యి ఆయన రొమ్ము మీద పెట్టేదాన్ని. తప్పు వచ్చిన ప్రతిసారీ ఆయన కళ్లు మూసుకుని మళ్లీ మొదలుపెట్టేవారు. తిట్లు తగ్గిపోయాయి. తిట్టాల్సింది వాక్యంలోకి వెళ్లిపోయిందేమో.

చెప్పిన రోజు

ఒక శనివారం మధ్యాహ్నం దేబాశీష్‌నీ లావణ్యనీ థెరపీ గదికి పిలిచాను. మీ బాపా మీకో మాట చెబుతారట అన్నాను. పాట పాడతారని అనుకున్నట్టున్నాడు, ఫోన్ తీశాడు. అది లోపల పెట్టమన్నాను.

కవిగారు చక్రాల కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. ఎడమచెయ్యి రొమ్ము మీద పెట్టుకున్నారు.

"బౌ... డాకిలా." మీ అమ్మ పిలిచింది. ఊపిరి తీసుకున్నారు. "ము... ఆసిలి... నాహి."

దేబాశీష్ నా వైపు తిరిగాడు. "దేవుడు రాలేదంటున్నారా? మళ్లీ మిక్స్ చేస్తున్నారా ఆంటీ?"

"లేదు. ఈసారి సరిగ్గానే అన్నారు."

కవిగారు మళ్లీ అన్నారు. దుప్పటి మీద రాసినట్టు వేళ్లు కదిలించారు. ఆ రెండు స్వరాలూ కూనిరాగం తీశారు. కొడుకు చూస్తూ ఉన్నాడు. ముందు లావణ్యకి అర్థమైంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

దేబాశీష్ లేచి నిలబడ్డాడు. కోప్పడతాడనుకున్నాను. తలుపు తీసుకుని వెళ్లిపోతాడనుకున్నాను. అలా వెళ్లిపోయిన కొడుకుల్ని చూశాను. అతను కదలకుండా నిలబడ్డాడు. తండ్రితో కాదు, నేలతో అన్నట్టు ఒడియాలో అన్నాడు.

"ఆ రోజు బౌ నాకూ ఫోన్ చేసింది."

జేబులోంచి ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు.

"అక్కడ దీపాలు పెట్టే టైమ్. ఇక్కడ మార్నింగ్. స్టాండప్ మీటింగ్‌లో ఉన్నాను. కట్ చేసి, 'కాల్ యూ లేటర్' అని మెసేజ్ పెట్టాను. మీటింగ్ అయ్యాక మర్చిపోయాను. తర్వాత వచ్చిన కాల్ పక్కింటివాళ్లది."

లావణ్య అతని వైపు చూసింది. తెలుగులో, చాలా నెమ్మదిగా అంది. "నాకెప్పుడూ చెప్పలేదు దేబూ."

"ఎవరికీ చెప్పలేదు. బాపాకి తెలుస్తుందేమోనని..." వాక్యం పూర్తి చేయలేకపోయాడు. "నేను బాపాని అక్కడ వదిలెయ్యకుండా తీసుకొచ్చింది అందుకే. ఆ పాట పెట్టుకునేది కూడా అందుకే. దేవుడైనా వెళ్లాడు కదా అని."

నేను ఆ గదిలో ఎన్నో విన్నాను. ఇలాంటిది వినలేదు. వంటింట్లో ఆ తల్లి ముందు భర్తని పిలిచింది. ఆయన చరణం పూర్తి చేస్తున్నారు. తర్వాత కొడుకుని పిలిచింది. అతను మీటింగ్‌లో ఉన్నాడు. ఇద్దరిలో ఎవరూ పలక్కుండానే ఆమె పోయింది. అప్పటి నుంచీ తండ్రీ కొడుకూ ఒకే ఇంట్లో, ఒకే పాట వింటూ, ఒకరికి తెలియకుండా ఒకరు అదే సంగతి దాచుకుని బతికారు. ఒకరికి ఆ పాట ఓదార్పు. ఒకరికి చెంపదెబ్బ.

కవిగారి మొహం కదిలింది. ఎడమచెయ్యి చాచారు. దేబాశీష్ వెళ్లి మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆయన కొడుకు తల మీద చెయ్యి పెట్టి, పెదవుల్ని బలవంతంగా కదిలిస్తూ అన్నారు.

"తు... నుహే."

నువ్వు కాదు. ఆ చెయ్యి తీసి తన రొమ్ము మీద పెట్టుకున్నారు. "ము."

నెలల తరబడి తారుమారైన రెండు మాటలు ఆయన నోట్లో ఎవరి చోటికి అవి చేరాయి. నేను నేర్పింది మొదటి వాక్యమే. రెండోది ఆయనే వెతుక్కున్నారు.

"నేను కూడా బాపా" అన్నాడు దేబాశీష్. ఆయన తల అడ్డంగా ఊపుతూనే ఉన్నారు. నేను బయటికొచ్చి తలుపు దగ్గరగా వేశాను. ఆ గదిలో ఇక థెరపిస్టుతో పని లేదు.

తర్వాత

ఆయన ఇంటికి వెళ్లారు. నాలుగు కాళ్ల కర్రతో నడవడం వచ్చింది. చిన్నచిన్న వాక్యాలు వచ్చాయి. తు, ము మళ్లీ అప్పుడప్పుడూ తారుమారయ్యేవి. కానీ తిట్లు మళ్లీ వినపడలేదని లావణ్య చెప్పింది. ఆయన మళ్లీ కవిత్వం రాయలేదు. స్వామి మీద నమ్మకం ఉందా పోయిందా అని అందరూ నన్నడిగేవారు, ఆయన నాతో ఏదో రహస్యం చెప్పినట్టు. నాకు తెలియదు. చెక్క బొమ్మకి రోజూ ఎడమచెయ్యి ఎత్తుతారని మాత్రం తెలుసు. ఎదుటివాళ్ల దేవుణ్ణి మనం అనువదించకూడదు. మన పని ఆయన మాట ఆయనకి ఇవ్వడం, అంతవరకే.

గుడిలో పిల్లలు ఇప్పటికీ ఏనుగు పాట పాడతారు. దేబాశీష్ ఆపించబోతే ఆయనే వద్దన్నారట. వెనక కుర్చీలో కూర్చుని చివరిదాకా వింటారట.

రిటైరయ్యాక ఒకసారి వాళ్లింటికి వెళ్లాను. కవిగారూ నేనూ ముందుగదిలో కూర్చున్నాం. ఇచ్ఛాపురం పిన్నిగారి గురించి చెబుతున్నాను. ఆమె ఏ పాట పాడేదో అడగబోయారు. మాట కోసం వెతుక్కుంటున్నారు. దొరికేలా ఉంది, నేను ఓపిగ్గా చూస్తున్నాను. వంటింట్లోంచి లావణ్య "బాపా" అని పిలిచింది.

ఆయన వెతుకుతున్న మాటని అక్కడే వదిలేశారు. కర్ర అందుకున్నారు. నేను సాయం చేయబోతే చెయ్యి అడ్డం పెట్టి, రెండు ప్రయత్నాల్లో లేచి నిలబడి, కుడికాలు ఈడ్చుకుంటూ వంటింటి వైపు నడిచారు. ఆమె పిలిచింది టీలో పంచదార వెయ్యనా అని అడగడానికి.